బెంగళూరులో తొలి నర్సు ఉద్యోగం: బ్యాగు కంటే ముందు కాగితాలు సర్దుకోండి

హిందూపురం నుంచి బెంగళూరు బస్సెక్కిన రోజు నా దగ్గర మూడు ముఖ్యమైన వస్తువులున్నాయి. అమ్మ పెట్టిన చింతకాయ పచ్చడి డబ్బా, కొత్త తెల్ల బూట్లు, ఒరిజినల్ సర్టిఫికెట్ల ఫైలు. సంక్రాంతికి ఇంటికెళ్లేసరికి డబ్బా ఖాళీ అయింది, బూట్లు అరిగాయి. ఫైలు మాత్రం నా దగ్గర లేదు, నేను చేరిన ఆస్పత్రి హెచ్‌ఆర్ బీరువాలో ఉంది. దాన్ని వెనక్కి తెచ్చుకోవడానికి 14 నెలలు పట్టింది. పదకొండేళ్ల తర్వాత ఇప్పుడు ఐసీయూ ఇన్‌ఛార్జిగా ఉన్నాను. కొత్తగా చేరే మన పిల్లలు నేను పడ్డ గుంటల్లోనే పడుతుంటే చూడలేక ఇది రాస్తున్నాను. జీఎన్‌ఎం గానీ బీఎస్సీ నర్సింగ్ గానీ పూర్తిచేసి, ఇక్కడ ప్రైవేటు ఆస్పత్రిలో చేరబోతున్నవాళ్ల కోసం.

మొదటి పని: కౌన్సిల్, ఆ తర్వాత మీ పేరు

ఆంధ్రలో చదివినవాళ్లకు విజయవాడలోని కౌన్సిల్, తెలంగాణలో చదివినవాళ్లకు హైదరాబాద్‌లోని కౌన్సిల్ ఆర్‌ఎన్ (రిజిస్టర్డ్ నర్స్), ఆర్‌ఎం (రిజిస్టర్డ్ మిడ్‌వైఫ్) నంబర్లు ఇస్తాయి. ఇక్కడ పనిచేయాలంటే కర్ణాటక స్టేట్ నర్సింగ్ కౌన్సిల్‌లో కూడా పేరు ఎక్కాలి. దీన్నే రెసిప్రోకల్ రిజిస్ట్రేషన్ అంటారు. అందుకు మీ సొంత కౌన్సిల్ నుంచి ఎన్‌ఓసీ, వెరిఫికేషన్ రావాలి. ఈ పని ఇంట్లో ఉండగానే మొదలుపెట్టండి. డ్యూటీలో చేరాక ఒక ఆఫ్ రోజులో విజయవాడ వెళ్లి రావడం జరిగే పని కాదు. కోలారు, చింతామణి వైపు కాలేజీల్లో చదివినవాళ్లకు ఇదే తిరగబడుతుంది. వాళ్లకు కర్ణాటక నంబరు ముందే ఉంటుంది గానీ, రేపు మన రాష్ట్రంలో స్టాఫ్ నర్సు నోటిఫికేషన్ పడితే అక్కడి కౌన్సిల్ నంబరు అడుగుతారు. నోటిఫికేషన్ పడ్డాక పరుగెత్తితే అందదు.

1947 నాటి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో నేషనల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది. పేర్లు, పోర్టళ్లు మారే కాలం ఇది. సీనియర్ అక్క రెండేళ్ల కిందట చేసిన పద్ధతి నమ్మి ఫీజు కట్టేయకండి, కౌన్సిల్ సైటులో ఈ రోజు ఏముందో అదే చూడండి.

ఇంటిపేరు సంగతి ఇంకా ముఖ్యం. మన టెన్త్ మెమోలో 'జి. లక్ష్మీదేవి' అని ఉంటుంది, ఆధార్‌లో 'గొల్లపల్లి లక్ష్మీదేవి', పాస్‌పోర్టులో లక్ష్మీదేవి ఒక గడిలో, గొల్లపల్లి ఇంకో గడిలో. పెళ్లయితే బ్యాంకు పాసుబుక్కులో నాలుగో పేరు. ఊళ్లో ఉన్నంతకాలం ఇది ఎవరికీ పట్టదు. పీఎఫ్ డబ్బు తీసేటప్పుడు, గల్ఫ్‌కు వెళ్లేవాళ్ల సర్టిఫికెట్లు అసలివేనా అని చూసే డేటాఫ్లో వెరిఫికేషన్‌లో, విదేశీ పరీక్షల అప్లికేషన్‌లో మాత్రం ఫైలు అక్కడే ఆగిపోతుంది. టెన్త్ మెమోను మూలంగా పెట్టుకుని, తక్కినవన్నీ దానికి తగ్గట్టు ఇప్పుడే సరిచేయించుకోండి.

రెండో పని: ఆస్పత్రిని మీరూ ఇంటర్వ్యూ చేయండి

వైట్‌ఫీల్డ్, బన్నేరుఘట్ట రోడ్డు, హెబ్బాళ, బొమ్మసంద్ర, ఎటు చూసినా ఆస్పత్రులే. నర్సుల అవసరం వాళ్లకు మనకంటే ఎక్కువ, ఆ మాట ఇంటర్వ్యూ గదిలో గుర్తుంచుకోండి. మూడు ప్రశ్నలు అడగండి. నన్ను ఏ వార్డులో వేస్తారు? ఒక్కో షిఫ్టుకు నాకు ఎంతమంది పేషెంట్లు? నెలకు ఎన్ని నైట్లు? ఐసీయూ అంటే, వెంటిలేటర్ మీదున్న పేషెంటుకు ఒక నర్సు ఉండాలన్నది నియమం. 'మా దగ్గర అడ్జస్ట్ చేసుకుంటాం' అన్నారంటే ఆ అడ్జస్ట్ అయ్యేది మీరే.

ఆస్పత్రికి ఎన్ని బెడ్లో కూడా తెలుసుకోండి. ఎందుకో చివర్లో చెబుతాను, నవ్వకండి, రెండేళ్ల తర్వాత మీకే పనికొస్తుంది.

జీతం మాట వచ్చినప్పుడు సీటీసీ (మీ మీద ఆస్పత్రి పెట్టే మొత్తం ఖర్చు) కాదు, చేతికి ఎంతొస్తుందో అడగండి. పీఎఫ్ కింద బేసిక్‌లో 12 శాతం మీ వాటా పోతుంది. జీతం 21,000 లోపు ఉంటే ఈఎస్‌ఐ ఉంటుంది. అందులో మీ వాటా 0.75 శాతం, ఆస్పత్రి వాటా 3.25 శాతం. ఆస్పత్రి కట్టాల్సిన వాటాలను కూడా మీ సీటీసీలో కలిపి పెద్ద అంకె చూపించడం ఇక్కడ మామూలే. సుప్రీంకోర్టు 2016లో ఇచ్చిన ఆదేశంతో ఏర్పడిన కమిటీ ప్రైవేటు నర్సుల జీతాల మీద స్పష్టంగా చెప్పింది. 200 బెడ్లు దాటితే ప్రభుత్వ నర్సులతో సమానం, 100 దాటితే వాళ్లకంటే 10 శాతానికి మించి తగ్గకూడదు, 50 నుంచి 100 వరకైతే 25 శాతానికి మించి తగ్గకూడదు, 50 లోపైనా నెలకు 20,000కి తగ్గకూడదు. నేను పనిచేసిన మూడు చోట్లా ఇది కాగితం మీదే ఉంది. అయినా ఆ అంకెలు తెలిసినవాళ్లు జీతం మాట్లాడే తీరే వేరు.

మీ చేతిలో ఉన్న ఇంకో బలం తెలుగు. అనంతపురం, చిత్తూరు, కర్నూలు వాళ్లకు పెద్ద జబ్బు చేస్తే చూసేది బెంగళూరు వైపే. వైట్‌ఫీల్డ్‌లోని సత్యసాయి ఆస్పత్రి 2001 నుంచి ఉచితంగా వైద్యం చేస్తోంది. 2019 నవంబరు నుంచి ఆరోగ్యశ్రీ కూడా ఇక్కడి కొన్ని ఆస్పత్రులకు వచ్చింది. రేపు ఆపరేషన్ అనగా కన్నడం రాని పెద్దాయనకు కన్సెంట్ విడమరిచి చెప్పేవాళ్లు ఏ వార్డుకైనా కావాలి. రెజ్యూమెలో భాషల వరసను కిందికి నెట్టేయకండి, పైన పెట్టండి.

ఇల్లు విషయంలో ఒకటే మాట. అద్దె వెయ్యి ఎక్కువైనా ఆస్పత్రికి నడిచి వెళ్లే దూరంలో పీజీ చూసుకోండి. సిల్క్ బోర్డు ట్రాఫిక్ గురించి నేను కొత్తగా చెప్పేదేముంది? 2025 ఆగస్టులో మెట్రో పసుపు లైను బొమ్మసంద్ర దాకా వచ్చి కొంత నయమైంది గానీ, సెకండ్ డ్యూటీ దిగాక ఎక్కడైనా నడక దారే మంచిది.

మూడో పని: సంతకం పెట్టే ముందు

నా సర్టిఫికెట్ల కథకు వద్దాం. 'వెరిఫికేషన్‌కు ఇవ్వమ్మా, వారంలో ఇచ్చేస్తాం' అన్నారు. ఇచ్చాను. రసీదు అడగాలని కూడా తోచలేదు. రెండేళ్ల బాండు మీద సంతకం పెట్టాను, చదివింది మొదటి పేజీ ఒక్కటే. ఆరో నెలలో నాన్నకు గుండె నొప్పి వచ్చి, అనంతపురం దగ్గరే ఉద్యోగం చూసుకుందామని రాజీనామా ఇస్తే, 'డబ్బు కట్టు, సర్టిఫికెట్లు తీసుకో' అన్నారు. వాళ్లడిగిన డబ్బు నా ఎనిమిది నెలల జీతం.

నన్ను గట్టెక్కించింది డయాలసిస్‌లో పనిచేసే ఒక మలయాళీ సిస్టర్. 'నోటితో అడగడం మానెయ్, రాసి అడుగు' అంది. మొదటి లెటరు చేతికిచ్చి, జిరాక్స్ మీద రిసీవ్డ్ స్టాంపు వేయించుకున్నాను. జవాబు రాలేదు. రెండోది రిజిస్టర్డ్ పోస్టులో పంపాను, అక్నాలెడ్జ్‌మెంట్‌తో. దానికీ రాలేదు. మూడో లెటరు కింద 'నకలు: లేబర్ ఆఫీసర్, కార్మిక భవన, బన్నేరుఘట్ట రోడ్డు' అని చేర్చాను. నాలుగో రోజు హెచ్‌ఆర్ నుంచి ఫోను. నా మొదటి లెటరు ముందే రాసుంటే 14 నెలలు పట్టేది కాదు, ఏడాది పాటు బతిమాలుకుంటూ తిరిగాను.

మీరు చేయాల్సింది ఇది. ఒరిజినల్స్ చూపించండి, వాళ్ల ముందే జిరాక్స్‌తో సరిపోల్చమనండి, ఫైలు తిరిగి సంచిలో పెట్టుకోండి. బాండు పేరుతో మీ సర్టిఫికెట్లు తాకట్టు పెట్టుకునే హక్కు ఎవరికీ లేదు. ఎంతకీ ఒప్పుకోకపోతే ఏయే కాగితాలు తీసుకున్నారో, ఎప్పుడిస్తారో లెటర్‌హెడ్ మీద రాయించి స్టాంపు వేయించుకోండి. అదీ కుదరదంటే ఆ ఉద్యోగం వద్దు, పక్క వీధిలో ఇంకో ఆస్పత్రి ఉంది.

బాండు కాగితం ఒక రోజు ఇంటికి తీసుకెళ్లి చదువుతానని చెప్పండి. ఎంతకాలం, ఎంత డబ్బు, ఏ శిక్షణకు, నోటీసు పీరియడ్ ఇద్దరికీ సమానమేనా, చూడండి. ప్రతి పేజీ ఫోటో తీసుకోండి. ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టి ఎవరికీ ఇవ్వొద్దు, ఎంత మంచిగా అడిగినా సరే. మాట తప్పితే బాండులో రాసిన అంకె మొత్తం వాళ్లదైపోదని కూడా తెలుసుకోండి. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఆ అంకెకు మించకుండా న్యాయమైన పరిహారమే దక్కుతుంది. మీకు వాళ్లు నిజంగా ఏం నేర్పారు, ఎంత ఖర్చుపెట్టారు అన్న ప్రశ్న అక్కడ వస్తుంది.

నాలుగో పని: మొదటి మూడు నెలలు

కన్నడం తెలుగుకు దగ్గరే కదా అనుకుంటాం. ఆ దగ్గరతనంతోనే చిక్కు. నా మొదటి వారంలో ఒక అవ్వ ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని 'ఎదె ఉరి' అంది. ఉరి అనగానే నేను బెదిరిపోయాను. కన్నడంలో ఉరి అంటే మంట. 'సుస్తు' అంటే మన సుస్తీ కాదు, నీరసం. నొప్పి అంటే 'నోవు', ఆయాసం అడగాలంటే 'ఉసిరు', దగ్గు అంటే 'కెమ్ము'.

అన్నిటికంటే ప్రమాదం తిండి దగ్గర. మనకు తిండి అంటే ఏదైనా తిండే. వాళ్లకు 'తిండి' అంటే టిఫిను, 'ఊట' అంటే భోజనం. షుగర్ పేషెంటును పొద్దున తొమ్మిదింటికి 'ఊట ఆయ్తా?' అని అడిగాను. 'ఇల్ల' అంది. తినలేదు కదా అని ఇన్సులిన్ ఆపాను. ఆమె అప్పటికే నాలుగు ఇడ్లీలు తింది, భోజనం చేయలేదని చెప్పింది అంతే. పదకొండింటికి షుగర్ చూస్తే ఇన్‌ఛార్జి ముందు తలెత్తలేకపోయాను. అందుకే రోజుకు ఐదు మాటలు చొప్పున వార్డు ఆయమ్మ దగ్గర నేర్చుకోండి. యాప్‌ల కంటే ఆవిడ నయం.

షిఫ్టు మారేటప్పుడు హ్యాండోవర్ నర్సింగ్ స్టేషన్‌లో కూర్చుని కాదు, బెడ్ పక్కన తీసుకోండి. పంపు రేటు మీ కళ్లతో చూడండి, డ్రిప్ సీసా మీది పేరు చదవండి, క్యాన్యులా వేసిన తేదీ, డ్రెయిన్‌లో ఎంతుంది, నార్కోటిక్ కౌంటు సరిపోయిందా చూడండి. 'ఫైల్లో ఉంది చూసుకో' అని బ్యాగు తగిలించుకునే సీనియర్లుంటారు. 'రెండు నిమిషాలు అక్కా' అని చిరునవ్వుతో ఆపండి. ఆవిడ గేటు దాటాక తేలిన తప్పు మీ ఖాతాలోనే పడుతుంది. పొటాషియం క్లోరైడ్, ఇన్సులిన్, హెపారిన్, ఈ మూడూ ఇంకొకరికి చూపించకుండా ఎక్కించొద్దు, ఎంత తొందరైనా సరే.

రాత్రి రెండింటికి డ్యూటీ డాక్టరును లేపడానికి కొత్తవాళ్లు భయపడతారు. తిడతారేమోనని తెల్లారేదాకా ఆగి, పేషెంటును చేజార్చుకున్న సంఘటనలున్నాయి. లేపండి, కానీ 'సార్, పేషెంట్ బాలేదు' అనొద్దు. కాలేజీలో ఎస్‌బార్ (ఇప్పుడేమైంది, వెనకటి సంగతి, మన అంచనా, ఏం కావాలి అనే వరస) అని చదివారు కదా, అది పరీక్ష కోసం కాదు, ఈ ఫోను కోసమే. ఇలా చెప్పండి: 'సార్, ఐసీయూ నుంచి సిస్టర్‌ను, ఏడో బెడ్ గురించి. బీపీ 84/50 ఉంది. నిన్న పేగు ఆపరేషన్ అయింది, సాయంత్రం బీపీ 120/70. పల్స్ 128, యూరిన్ గంటకు 15 ఎంఎల్‌కు పడిపోయింది, పొట్ట గట్టిగా ఉంది. లోపల బ్లీడింగ్ ఏమోనని నా అనుమానం. మీరు వచ్చి చూడాలి, ఈలోగా ఫ్లూయిడ్ ఏం పెట్టమంటారు?' చెప్పిన ఆర్డరు తిరిగి వాళ్లకే చదివి వినిపించండి. తర్వాత కేస్ షీట్‌లో రాయండి: 2.10కి తెలిపాను, 2.25కి వచ్చి చూశారు. రాకపోతే అదీ రాయండి, ఎవరికి చెప్పారో కూడా. నర్సింగ్‌లో రాయనిది చేయనట్టే.

డాక్టరో పేషెంటు వెంట వచ్చినవాళ్లో అరిస్తే అప్పటికప్పుడు మాటకు మాట అనకండి. పేషెంటు పని అయ్యాక, తేదీ, టైము, అన్న మాట, అక్కడున్నవాళ్లు, నాలుగు లైన్లలో రాసి సూపరింటెండెంట్‌కు మెయిల్ పెట్టండి. ఏడుపు బాత్రూములో ఏడవండి, అందరం ఏడ్చాం, మెయిల్లో మాత్రం ఉన్నది ఉన్నట్టే ఉండాలి. చెయ్యి చేసుకుంటే సంగతి వేరు. వైద్య సిబ్బంది మీద దాడుల గురించి కర్ణాటకలో 2009 నాటి చట్టం ఉంది, అందులో నర్సులూ ఉన్నారు. ఆస్పత్రి చేత పోలీసు ఫిర్యాదు ఇప్పించండి. లైంగిక వేధింపైతే 2013 చట్టం కింద, పదిమంది పనిచేసే ప్రతి చోటా ఇంటర్నల్ కమిటీ ఉండాలి, మూడు నెలల్లోపు రాసి ఇవ్వాలి. కమిటీ సభ్యుల పేర్లు నోటీసు బోర్డు మీద ఎక్కడున్నాయో మొదటి వారంలోనే చూసిపెట్టుకోండి.

డబుల్ డ్యూటీ ఒకసారి చేస్తే సాయం. నెలకు నాలుగోసారి అడిగితే 'నిన్న నైట్ చేశాను, మందుల దగ్గర తప్పు జరుగుతుందని భయంగా ఉంది' అనండి. 'అలిసిపోయాను' అంటే సోమరితనం అంటారు, పేషెంట్ సేఫ్టీ అంటే కాదనలేరు.

ఐదో పని: మీ ఒళ్లు

హెపటైటిస్ బి టీకా మూడు డోసులు, 0, 1, 6 నెలల్లో. ఆఖరి డోసు తర్వాత ఒకటి రెండు నెలలకు టైటర్ (టీకా పనిచేసిందా చెప్పే రక్తపరీక్ష) చూపించుకోండి, 10 దాటాలి. సూది గుచ్చుకుంటే వేలు నొక్కి రక్తం పిండకండి. సబ్బు, నీళ్లతో కడగండి, వెంటనే చెప్పండి. హెచ్‌ఐవీ మందు అవసరమైతే వీలైనంతవరకు 2 గంటల్లో మొదలుపెట్టాలి, 72 గంటలు దాటితే లాభం లేదు. తిడతారని దాచిపెట్టిన అమ్మాయి ఒకరు మా వార్డులో మూడు నెలలు నిద్రలేకుండా గడిపింది. ఇన్సిడెంట్ రిపోర్టు మీ తప్పొప్పుకోలు కాదు, మీ రక్షణ.

పెళ్లి, పిల్లల సంగతి: డెలివరీకి ముందు పన్నెండు నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే 26 వారాల జీతంతో సెలవు మీ హక్కు. 'రిజైన్ చేసి మళ్లీ చేరు' అనే సలహా వింటారు, వినకండి.

ఆరో పని: రెండేళ్లయ్యాక ఎటు

ఐసీయూ గానీ, ఎమర్జెన్సీ గానీ, డయాలసిస్ గానీ, ఒక దాంట్లో రెండేళ్లు పాతుకోండి. నెలకో వార్డు తిప్పించుకుంటే అన్నీ తెలిసినట్టే ఉంటుంది, దేన్లోనూ చెయ్యి తిరగదు. గుండె ఆగినప్పుడు ప్రాణం నిలిపే శిక్షణకు ఇచ్చే బీఎల్‌ఎస్, ఏసీఎల్‌ఎస్ కార్డులు రెండేళ్లకోసారి కొత్తవి తీసుకోవాలి. ఖర్చు ఆస్పత్రి పెడుతుందా అని అడగండి.

ప్రభుత్వ ఉద్యోగం మీద ఆశ ఉంటే నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు ఎయిమ్స్ వాళ్లు పెట్టే నార్సెట్ పరీక్ష రాయండి. బేసిక్ 44,900. బీఎస్సీ వాళ్లకు అనుభవం అక్కర్లేదు. జీఎన్‌ఎం వాళ్లకు మాత్రం కనీసం 50 బెడ్ల ఆస్పత్రిలో రెండేళ్లు కావాలి, అదీ రిజిస్ట్రేషన్ అయ్యాక చేసిన పనే లెక్క. బెడ్ల సంఖ్య ఎందుకు అడగమన్నానో ఇప్పుడు అర్థమైందనుకుంటాను. వీధి చివర 30 బెడ్ల నర్సింగ్ హోమ్‌లో మూడేళ్లు పనిచేసి, ఈ ఒక్క కారణంగా అప్లై చేయలేకపోయిన మదనపల్లె అమ్మాయి నాకు తెలుసు.

నర్స్ ప్రాక్టీషనర్ అనే మాట ఈమధ్య ఎక్కువ వినిపిస్తోంది. మన దేశంలో క్రిటికల్ కేర్‌లో రెండేళ్ల రెసిడెన్సీ కోర్సు ఉంది, పీజీ స్థాయిది, బీఎస్సీ తర్వాత ఏడాది అనుభవం ఉన్నవాళ్లకు. మిడ్‌వైఫరీలో 18 నెలల కోర్సు ఉంది. తెలంగాణ 2017లోనే ఈ దారిలో శిక్షణ మొదలుపెట్టింది. అమెరికా నర్స్ ప్రాక్టీషనర్‌ను తలుచుకుని ఇక్కడ చేరకండి. ఇక్కడ ఆస్పత్రి ప్రోటోకాల్ గీసిన గీత లోపలే మందులు, సొంతంగా ప్రిస్క్రిప్షన్ రాయడం కాదు. చేరే ముందు ఆ కాలేజీలో పోయినేడు పూర్తిచేసినవాళ్లు ఏ హోదాలో, ఎక్కడ పనిచేస్తున్నారో ఇద్దరికి ఫోన్ చేసి కనుక్కోండి. 'సీనియర్ స్టాఫ్' అనే పేరుతోనే ఉన్నారంటే, ఆ రెండేళ్లు మీకు చదువు తృప్తికా, జీతానికా అని తేల్చుకోవాలి. నా మటుకు నేను జీఎన్‌ఎం తర్వాత చేసే పోస్టు బేసిక్ బీఎస్సీ చేశాను, ఆ రెండేళ్లు నష్టమనిపించలేదు. మానసిక వైద్యం మీద మనసుంటే నిమ్హాన్స్‌లో సైకియాట్రిక్ నర్సింగ్ డిప్లొమా ఉంది, ఊళ్లోనే ఉంది, చాలామందికి తట్టదు.

విదేశాలైతే దేశాన్ని బట్టి పరీక్ష. అమెరికాకు ఎన్‌క్లెక్స్, బ్రిటన్‌కు సీబీటీ, ఆస్కీ, వాటితో పాటు ఇంగ్లిష్‌కు ఓఈటీ లేదా ఐఈఎల్‌టీఎస్. గల్ఫ్‌కు వెళ్లే నర్సులను ప్రభుత్వ ఏజెన్సీల ద్వారానే తీసుకోవాలని 2015లో కేంద్రం నియమం పెట్టింది. తెలంగాణకు టామ్‌కామ్, ఆంధ్రకు ఓంక్యాప్ ఉన్నాయి. వేరే దేశాలకు ప్రైవేటు ఏజెంటు అయితే కేంద్రం వాళ్ల ఈ-మైగ్రేట్ సైటులో పేరుందా చూడండి. ఏజెంటు తీసుకోగల ఫీజు గరిష్ఠంగా 30,000, పైన జీఎస్టీ, అంతే. లక్షల్లో అడిగాడంటే అక్కడితో ఫోను పెట్టేయండి.

ఏడో పని: వెళ్లేటప్పుడు

కొత్త ఆఫర్ లెటర్ చేతికొచ్చాకే రాజీనామా. మెయిల్లో పెట్టండి, తేదీ నిలుస్తుంది. నోటీసు పీరియడ్ పూర్తిచేయండి, ఆఖరి నెలలో రోస్టర్ ఎంత చెత్తగా వేసినా సరే. పీఎఫ్ యూఏఎన్ కొత్త చోట అదే నంబరు ఇవ్వండి, రెండోది తెరిపించుకోవద్దు.

ఎక్స్‌పీరియెన్స్ లెటరు తీసుకునేటప్పుడు అక్కడే నిలబడి చదవండి. పేరు టెన్త్ మెమోలో ఉన్నట్టే ఉందా, చేరిన తేదీ, విడిచిన తేదీ, హోదా, ఏ వార్డు, ఆస్పత్రి బెడ్ల సంఖ్య, సంతకం కింద పేరు, హోదా, స్టాంపు. బెడ్ల సంఖ్య రాయరు, మీరే అడగాలి. 'తర్వాత మెయిల్ చేస్తాం' అంటారు. కుర్చీ లాక్కుని కూర్చోండి. ప్రింటరు అక్కడే ఉంటుంది.